నమ్మకపు గొంతు

ఇందుమతి గ్లాసెడు వేపకషాయం గటగటా తాగేసి, మూతి తుడుచుకుని, తేనెలా ఉందండీ అని చెప్పింది. చెప్పి నవ్వింది. ఆ వీడియోను హైమావతి విశాఖపట్నంలో తన ల్యాబ్‌లో కూర్చుని నాలుగుసార్లు చూసింది. నాలుగోసారి బొమ్మను పెద్దది చేసి అక్క చెవి వెనక చూసింది. అక్కడ చామనచాయ రంగులో, చింతగింజంత బిళ్ల ఒకటి అంటుకుని ఉంది. ఆ బిళ్లను తయారుచేసింది హైమావతే.

ఇందుమతి సంగతి తెలిసినవాళ్ళకే ఆ నవ్వు ఎంత భయంకరమో అర్థమవుతుంది. ఆవిడ విజయనగరంలో లెక్కల లెక్చరరు. ఎవరేం చెప్పినా "ఎలాగ?" అని అడగనిదే వదిలిపెట్టే రకం కాదు. పెళ్ళిచూపులకొచ్చిన అప్పలస్వామిని అరగంటసేపు ప్రశ్నలతో దులిపేస్తే, పాపం ఆయన చొక్కా చెమటతో తడిసిపోయింది. అయినా చేసుకుంటే ఆ పిల్లనే చేసుకుంటానని పట్టుబట్టి కూర్చున్నాడు. అలాంటి మనిషి, ఎవడో చేదును తీపంటే సరేనని తలూపడమా!

వీడియో పంపింది అప్పలస్వామే. బస్సు డిపోలో కంట్రోలరుగా చేస్తున్నాడాయన. ఇందు ఇల్లు వదిలి మూడు నెలలైందని హైమకు తెలుసు. అదేదో యోగా శిబిరంలాంటిదే, ఓ నెల విశ్రాంతి తీసుకుని వచ్చేస్తుందిలే అనుకుంది. అలా అనుకోవడం తనకు సుఖంగా ఉంది కనుక అనుకుంది.

ఇక్కడ బిళ్ల కథ చెప్పాలి. పొసగని మాట ఏదైనా చెవిన పడితే మన ఒంట్లో ఓ చిన్న ఉలుకు పుడుతుంది. అనుమానానికి మొలక అదే. కొందరిలో ఆ ఉలుకు ఆగదు. వరహాలమ్మగారని ఓ పెద్దావిడ ఉండేది. గ్యాసు కట్టానా లేదా అని రోజుకు యాభైసార్లు వంటింట్లోకి వెళ్ళేది. సింహాచలం కొండకని బయల్దేరి సగం దారిలోంచి తిరిగొచ్చేసేది. హైమ బిళ్ల ఆ ఉలుకును పుట్టీపుట్టగానే పసిగట్టి చల్లారుస్తుంది. అయితే అన్ని ఉలుకులూ చల్లారితే మనిషి బతకలేడు కదా, అందుకని దాన్ని ఒకే ఒక్క గొంతుకు కట్టారు. వరహాలమ్మగారి భర్త ల్యాబ్‌కొచ్చి ముప్ఫై వాక్యాలు చదివితే బిళ్ల ఆయన గొంతును నేర్చుకుంది. ల్యాబ్‌లో దాన్ని నమ్మకపు గొంతు అనేవారు. ఆ తర్వాత ఆయన "కట్టేశానే" అంటే చాలు, ఆవిడ నిశ్చింతగా గడప దాటేది. మొదటిసారి కొండెక్కి వచ్చిన రోజున ల్యాబ్‌లో అందరికీ పులిహోర ప్రసాదం పంచింది.

ఏడాది తిరక్కుండానే ఆ పెద్దాయన పోయారు. వరహాలమ్మగారు మళ్ళీ వంటింటి దారి పట్టింది. హైమ చూడలేకపోయింది. వారం రోజులు కూర్చుని, బిళ్లలో గొంతు మార్చుకునే వీలు పెట్టింది. ఫోన్లో ఎవరైనా ముప్ఫై వాక్యాలు చదివితే ఆ గొంతు ఎక్కుతుంది. మనవరాలి గొంతు ఎక్కించారు, ముసలమ్మ కుదుటపడింది. ల్యాబ్‌లో హైమతో పనిచేసే తబస్సుమ్ అప్పుడే హెచ్చరించింది, తాళం లేని తలుపు పెడుతున్నాం మేడమ్ అని. తాళం తర్వాత చూద్దాంలే అంది హైమ. ఆ తర్వాత అన్నది రాలేదు. బిళ్లను ఓ కంపెనీ తీసుకుంది, పరీక్షల భయానికి మందని అమ్మింది. కొన్నవాళ్ళలో నిరంజన్ ఒకడు. "నిబ్బరం" అనే సంఘం పెట్టి, జీవితంలో నిలదొక్కుకోవడం నేర్పుతానంటాడు. అందరి బిళ్లల్లోనూ తన గొంతే ఎక్కించాడు.

ఆ ఆదివారం విజయనగరంలోని ఓ కల్యాణమండపంలో నిబ్బరం వాళ్ళ పరిచయ సభ జరిగింది. హైమ కళ్ళద్దాలు మార్చుకుని వెళ్ళి వెనక వరసలో కూర్చుంది. సంగతేమిటో తేల్చుకుందామని వెళ్ళిన మనిషి, సంగతే తన మీద పడుతుందని అనుకోలేదు. గుమ్మంలో ఇద్దరు ఆడవాళ్ళు ఎన్నాళ్ళకో కలిసిన చుట్టాల్లా చేతులు పట్టుకున్నారు. పేరు అడిగితే హైమ ఉత్తుత్తి పేరొకటి చెప్పింది, పదిసార్లు ఆ పేరుతో పిలిచారు. ఆమె ఏం చెప్పినా హాలంతా చప్పట్లు కొట్టారు. నిరంజన్ మెత్తటి గొంతు మనిషి, వరసల మధ్య తిరుగుతూ ఆమె దగ్గర ఆగాడు.

"చాలా అలిసిపోయారు కదమ్మా," అన్నాడు.

హైమకు బొటబొటా కన్నీళ్ళు వచ్చేశాయి. అలిసిపోనివాళ్ళు ఆ హాలుకెందుకొస్తారు? ఆ మాట ఎవరితో అన్నా తగులుతుంది. అది ఎత్తుగడేనని తెలుస్తూనే ఉంది, కన్నీళ్ళు కారుతూనే ఉన్నాయి. చెవి వెనక బిళ్ల కూడా లేదు. తర్వాత తలా ఓ నోటుపుస్తకం ఇచ్చారు. ఎవరికీ చెప్పుకోలేని విషయం రాయమన్నారు. లోపలున్న అనుమానాలూ ప్రశ్నలూ అన్నీ తుప్పట, రాస్తే వదిలిపోతుందట. రాశాక పుస్తకాలు వాళ్ళే తీసుకున్నారు. హైమ ఏదో ఉత్తుత్తి సంగతి రాసిచ్చి బయటపడింది. అప్పుడర్థమైంది, తన బిళ్ల ఇందులో చివరి మేకు మాత్రమే. ముందు మేకులన్నీ మనుషులే కొడుతున్నారు.

బావ ఇంటికి వెళితే ఆయన మిగతాది చెప్పాడు. కిందటేడు ఇందుమతి క్లాసులో ఒకమ్మాయి పరీక్ష తప్పి ప్రాణం తీసుకుంది. రోజూ ఎదురుగా కూర్చున్న పిల్ల మొహం నేనెందుకు గమనించలేదని ఇందు కుళ్ళికుళ్ళి ఏడ్చింది. అందరినీ ప్రశ్నించే మనిషి తనను తాను ప్రశ్నించుకోవడం మొదలెట్టింది, ఆ ప్రశ్నలకు అంతు లేకపోయింది. నిబ్బరం వాళ్ళు మాత్రం రోజూ తెల్లారి ఫోన్ చేసి నిద్ర పట్టిందా అమ్మా అని అడిగేవారు. మొదట రోజుకో గంట అన్నారు, తర్వాత ఓ పూట, తర్వాత ఓ వారం. ఇంట్లోవాళ్ళ మాటలు తుప్పు పెంచుతాయన్నారు. పేరు మార్చి నిశ్చల అన్నారు. చివరికి కొండ మీద శిబిరానికి తీసుకుపోయారు. పోలీసుల దగ్గరికి వెళితే, ఆవిడ మైనరు కాదు, ఇష్టపడి ఉంటోంది, మేమేం చేస్తామన్నారు.

"ఆళ్ళనేటి అనుకుంటాం హైమా," అన్నాడు అప్పలస్వామి. "నిద్ర పట్టిందా అని ఆళ్ళడిగారు. మనం అడగలేదు."

హైమ తల దించుకుంది. ఆ రోజుల్లో అక్క ఫోన్ చేస్తే, పనిలో ఉన్నానక్కా, తర్వాత చేస్తానని పెట్టేసేది. అక్క పంపిన వాయిస్ మెసేజీలు పదకొండు ఇప్పటికీ వినకుండా ఫోన్లోనే ఉన్నాయి.

బావ ఓ కాగితం చూపించాడు. వచ్చే ఆదివారం శిబిరంలో "నిశ్చయం" జరుగుతుంది. ఇందుతో కలిపి పదిహేడుమందికి బిళ్లను చెవి వెనక చర్మం కిందికి పెడతారు, ఓ డాక్టరు వస్తాడు. ఆ తర్వాత కత్తి పెట్టనిదే అది బయటికి రాదు. కుటుంబాలకు ముందురోజు అరగంట చూపు. అంటే ఇందును వెనక్కి తెచ్చుకోవడానికి మిగిలింది ఆ అరగంటే.

ల్యాబ్‌లో దారులన్నీ ఒక్కొక్కటే మూసుకుపోయాయి. బిళ్లను ఉన్నట్టుండి ఆపేయకూడదు. పరీక్షల్లో పాల్గొన్న ఓ రిటైరైన పోస్టుమాస్టరు బిళ్ల తీసేశాక మూడు రోజులు మంచం దిగలేదు, కింద నేల తనను మోస్తుందన్న నమ్మకం కుదరక. గొంతు మార్చడం ఒకటే దారి. వాళ్ళ బిళ్లలతో జతకట్టిన ఫోన్లు నిరంజన్ దగ్గరున్నాయి గాని, ల్యాబ్‌లో సబ్బుపెట్టెంత యంత్రం ఒకటుంది. దాన్ని చెయ్యి చాపేంత దూరంలో రెండు నిమిషాలు ఉంచితే పాత గొంతు పోయి కొత్తది ఎక్కుతుంది.

"నీ గొంతు పెట్టెయ్ హైమా. ఇంటికి రా అక్కా అను, వొచ్చేస్తాది," అని బావ ఫోన్లో బతిమాలాడు.

ఎవరు మాత్రం అలా అనుకోరు? హైమ గది తలుపు వేసుకుని ముప్ఫై వాక్యాలూ తన గొంతుతో చదివింది. వింటే ఎంతో హాయిగా అనిపించింది. అక్క ఇక తన మాట కాదనదు, ఎన్నడూ కాదనదు. ఆ ఊహ రాగానే లేచి తలుపు తీసింది. తబస్సుమ్ బల్ల అవతల నిలబడి ఉంది. ఆమె గొంతు పెంచే మనిషి కాదు, అయినా ఆ రోజు ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"అప్పుడు మీ అక్క ఇంటికి రాదు మేడమ్. ఆయన దగ్గర్నుంచి మీ దగ్గరికి మారుతుంది, అంతే."

హైమ ఆ రికార్డింగు చెరిపేసింది. మరి ఎవరి గొంతు? చాలా కాలం కిందట, మొట్టమొదట, రోగి గొంతునే రోగికి కట్టి చూశారు. పనికిరాలేదు, ఎందుకంటే ఆ రోగులు లోకంలో ఎవరినైనా నమ్ముతారు గాని తమను తాము నమ్మరు. ఇందుమతికి రోగం లేదు కదా. తన గొంతు తనకు కడితే, నిరంజన్ మాటకు మళ్ళీ ఉలుకు పుడుతుంది. తను స్వయంగా ఆలోచించి, పైకి చెప్పుకున్న మాటకే మనసు కుదుటపడుతుంది. ఉన్నట్టుండి ఆపేసినంత దెబ్బా తగలదు.

అక్క గొంతు ఎక్కడుంది? ఫోన్లో ఉంది, పదకొండు ముక్కలుగా. ముప్ఫై వాక్యాలు ఏరడానికి హైమ వాటిని మొదటిసారి వింది. హైమా, ఖాళీగా ఉన్నావా అని మొదలయ్యేవి అన్నీ. ఒకదాంట్లో ఆ పిల్ల నోటుపుస్తకంలో ఎంత గుండ్రంగా రాసేదో చెప్పింది. ఆఖరుదాంట్లో ఏమీ లేదు, పనిలో ఉన్నట్టున్నావు, పర్లేదులే అంది. తబస్సుమ్ లేచి, టీ తెస్తానని బయటికి వెళ్ళి చాలాసేపు రాలేదు. హైమ వెక్కివెక్కి ఏడుస్తూనే వాక్యాలు ఏరింది.

అనంతగిరి దారిలో కాఫీతోటల మధ్య ఉంది శిబిరం. శనివారం పది గంటలకు హైమనూ అప్పలస్వామినీ ఓ పొడుగాటి గదిలో కూర్చోబెట్టారు. ఇందుమతి తెల్లచీరలో వచ్చింది. బాగా చిక్కిపోయింది. బాగున్నారా అని చుట్టాలను పలకరించినట్టు పలకరించి ఎదురుగా కూర్చుంది. ఆమెకు అటూ ఇటూ ఆరుగురు శిబిరంవాళ్ళు, పక్కనే నిరంజన్.

మీ చెల్లెలికి నీ మీద కోపం లేదమ్మా, భయం, నువ్వు ఎదిగిపోతున్నావని భయం, అని నిరంజన్ ఎంతో ప్రేమగా చెప్పాడు. ఇందుమతి మొహంలో చిన్న అల కూడా లేదు, అవునవునన్నట్టు తలూపింది. అప్పలస్వామి కళ్ళు తుడుచుకున్నాడు.

హైమ చెయ్యి సంచిలో యంత్రం మీద ఉంది. నొక్కబోయి ఆగింది. ఇది అడిగి చెయ్యాల్సిన పని. కాని ఇప్పుడు అడిగితే జవాబు అక్క చెప్పదు, పక్కనున్న గొంతు చెబుతుంది. తప్పని తెలిసే నొక్కింది. రెండు నిమిషాలు పిల్లల చదువుల గురించీ వానల గురించీ ఏదో మాట్లాడింది, ఏం మాట్లాడిందో తనకే తెలియదు.

ఇంతలో అందరికీ గ్లాసులొచ్చాయి. అతిథులకూ ఇచ్చారు. "తేనె," అన్నాడు నిరంజన్, గ్లాసెత్తి. హైమ ఒక గుక్క తాగేసరికి నాలుక మొదలంటా చేదెక్కింది. ఇందుమతి తాగింది. తాగి, కనుబొమలు ముడిచి, గ్లాసులోకి చూసింది. మళ్ళీ ఓ గుక్క తాగి చూసింది.

"చేదుగా ఉంది," అంది నెమ్మదిగా. తన మాట తనకు వినిపించినట్టుంది, భుజాలు కాస్త సర్దుకున్నాయి. "చేదేనండీ. వేపకషాయం తియ్యగా ఎలాగ ఉంటుంది?"

నిరంజన్ నవ్వు చెదరలేదు. తుప్పు మాట్లాడుతోందమ్మా, అన్నాడు. ఆరుగురూ ఆమె చుట్టూ చేరారు. చేతులు పట్టుకున్నారు, నిశ్చలా మమ్మల్ని వదిలెయ్యకు అని ఏడ్చారు. దొంగ ఏడుపు కూడా కాదు, నిజంగానే ఏడ్చారు. ఇందుమతి తడబడింది. బిళ్లతో పనిలేకుండానే వాళ్ళు ఆమెను వెనక్కి లాగుతున్నారు. ఆ పైన అతను ఆఖరి దెబ్బ కొట్టాడు.

"ఆ పిల్ల నా వల్లే పోయిందని నీ చేత్తో నువ్వే రాశావు. పుస్తకం నా దగ్గరుంది. ఇక్కడ నిన్ను క్షమించాం. బయట ఎవరు క్షమిస్తారు నిశ్చలా?"

ఇందుమతి మొహం పాలిపోయింది. యంత్రం చేయగలిగింది చేసేసింది, ఇక చేయడానికేమీ లేదు. హైమ అక్కా అని పిలవబోయి నోరు మూసుకుంది. తను కూడా ఓ గొంతే కదా.

ఇందుమతి పెదవులు కదిలాయి. తనలో తను లెక్క కడుతున్నట్టు, ఒక్కో మాటా పైకి అనుకుంటూ మాట్లాడింది.

"మొదటిసారి నేను రాసింది అది కాదు. గమనించలేదు అని రాశాను. ఇది చాలదు, ఇంకా లోపలికి వెళ్ళమని మీరన్నారు. నాలుగుసార్లు తిరగరాయించారు. నాలుగోసారికి నా వల్లే అని వచ్చింది. గమనించకపోవడం, నా వల్లే పోవడం, రెండూ ఒకటి ఎలాగ అవుతాయండీ?"

ఆవిడ ఆగలేదు. మొదటిది నిజం, దాన్ని నేను బతికున్నంతకాలం మోస్తాను, రెండోది మీరు రాయించింది, అని చెప్పింది. చెప్పి, చెవి వెనక వేలితో తడుముకుని, చెల్లెలి వైపు తిరిగింది.

"నువ్వేటి చేశావు హైమా? ఇప్పుడే ఏదో మారింది."

అబద్ధం చెప్పొచ్చు. హైమ యంత్రం తీసి బల్ల మీద పెట్టి ఉన్నదంతా చెప్పేసింది. బిళ్ల చేసింది తనేనని, తాళం పెట్టకుండా వదిలింది తనేనని, ఇప్పుడు గొంతు మార్చి అక్క గొంతే అక్కకు ఎక్కించింది కూడా తనేనని.

"నన్నడిగావా?"

"లేదక్కా."

నిరంజన్‌కు ప్రాణం లేచొచ్చింది. చూశావా, నిన్ను ఆడిస్తున్నది ఎవరో, అన్నాడు. ఇందుమతి అతన్ని చూసింది, చెల్లెల్ని చూసింది. ఇద్దరూ అడగలేదు, అంది. గోరుతో బిళ్ల అంచు లేపసాగింది.

హైమ కంగారుపడి చెప్పింది, అలా తీసేస్తే కొన్నాళ్ళు దేన్నీ నమ్మలేవని, నేల మీద అడుగు వెయ్యడానికి కూడా భయమేస్తుందని. ఎన్నాళ్ళని అడిగింది ఇందుమతి.

"మూడు నాలుగు వారాలు అనుకుంటున్నాను. నిజంగా నాకు తెలీదక్కా."

"తెలీదన్నావు. మంచిది. ఇక్కడ మూడు నెలల్లో ఆ మాట ఒక్కసారి వినలేదు," అని బిళ్లను పీకి చెల్లెలి చేతిలో పెట్టింది.

ఆవిడ లేచి గుమ్మం దాకా వెళ్ళేసరికి, ఆరుగురిలో ఓ ముసలాయన చేతిలోని గ్లాసును వాసన చూసి, చేదేనా అమ్మా, అని గుసగుసగా అడిగాడు. ఇందుమతి చెప్పలేదు. మీరే తాగి చూడండి బాబూ అంది.

కిందికి బస్సులోనే వచ్చారు. బస్సెక్కే ముందు ఇందుమతి మెట్టును పాదంతో రెండుసార్లు నొక్కి చూసింది. మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది, చెల్లెలి పక్కన మాత్రం కూర్చోలేదు. హైమ ముందు సీట్లో కూర్చుంది. ఘాట్ మలుపులన్నీ ప్రశ్నలే. మిగతా పదహారుమంది సంగతేమిటి? వాళ్ళకూ ఇదే యంత్రంతో చెయ్యొచ్చా? చెయ్యొచ్చంది హైమ. అడక్కుండానా అంది ఇందుమతి. హైమ తల అడ్డంగా ఊపింది. అయితే వాళ్ళ ఇళ్ళవాళ్ళ నంబర్లు కావాలి, రేపు డాక్టరు కొండెక్కే ముందే అందరూ అక్కడుండాలి, నేనే మాట్లాడతాను, అని తేల్చేసింది. పరిచయ సభల్లో కలిసిన కుటుంబాల నంబర్లు అప్పలస్వామి దగ్గర తొమ్మిదున్నాయి. బస్సులోంచే ఫోన్లు మొదలుపెట్టాడు. శృంగవరపుకోట చేరేలోపు ఏడుగురు వస్తామన్నారు. ఆ ఏడుగురు మిగతావాళ్ళకు చెబుతామన్నారు.

విజయనగరంలో దిగాక హైమ ఆటో పిలవబోయింది. అక్క ఇంటికి వెళ్ళి పడుకుంటుందనుకుంది. ఇందుమతి కదల్లేదు. మొగుడి చెయ్యి వదలకుండానే నిటారుగా నిలబడింది.

"ఇంటికి కాదు, ముందు విశాఖపట్నంలో నీ ల్యాబ్‌కి. రేపు అంతమంది ముందు బిళ్ల ఇలగ పనిచేస్తుందని నేను చెప్పాలి కదా. నువ్వు చెప్పావని చెప్పలేను. ఆ గొంతు నిజంగా నాదేనా, అందులో ఇంకేమైనా ఎక్కించావా, కాయితాలన్నీ నా కళ్ళతో చూడాలి. నిన్ను నేను నమ్మడం లేదు హైమా. ఇప్పుడప్పుడే నమ్మను కూడా."

అప్పలస్వామి బిత్తరపోయి మరదలి మొహం చూశాడు. ఇంతా చేస్తే ఇదా మాట అని ఆయన బాధ. హైమ కళ్ళు నిండిపోయాయి. పుట్టి బుద్ధెరిగాక ఎవరి నోటా ఇంత కమ్మని మాట విన్నట్టు గుర్తులేదు.

"నమ్మొద్దక్కా," అంది. "రా, చూపిస్తాను."